5.08 సీజీపీఏతో లా సీటు, నా అనుభవం

నాది ఈసీఈ, జేఎన్‌టీయూహెచ్ కింద ఉన్న ఒక ప్రైవేట్ కాలేజీ, నాలుగేళ్ల బీటెక్ ఆరేళ్లకు అయింది, ఫైనల్ సీజీపీఏ, అంటే పదికి వచ్చిన సగటు గ్రేడ్, 5.08. ఎం1 అనే లెక్కల పేపర్ మూడోసారికి, ఈఎంటీఎల్ అనే విద్యుదయస్కాంత తరంగాల పేపర్ నాలుగోసారికి గట్టెక్కినయి. లా చదువుతా అని ఇంట్లో చెప్తే బాపు తింటున్నవాడల్లా ఆగి "ఇంజినీరింగే సక్కగ సదవనోనివి, లా ఏం సదువుతవ్‌రా" అన్నడు. నా దగ్గర జవాబు లేదు, అన్నం కలుపుకుంటూ కూర్చున్నా.

దానికి తోడు ఎవరో సీనియర్ 60 పర్సెంట్ లేకపోతే అప్లై చేయడం వేస్ట్ అన్నాడు, నేనూ నమ్మేసి నోటిఫికేషన్ తెరిచి కూడా చూడకుండా ఒక ఏడాది పోగొట్టుకున్నా. తీరా చూస్తే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి రాసే లాసెట్ అనే ఎంట్రన్స్‌లో డిగ్రీ మార్కులు అర్హత వరకే, జనరల్‌కి 45, బీసీకి 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం, ఆ గడప దాటితే ర్యాంకులో వాటిని కలపరు. 5.08 అంటే 50.8 కదా అని సంబరపడ్డా, కానీ మా యూనివర్సిటీ లెక్కలో ముందు అర తీసేసి ఆ తర్వాత పదితో గుణించాలి, అంటే 45.8. నేను బీసీ కాబట్టి ఎలా చూసినా సరిపోతుంది, అయినా ఫారంలో ఆ అంకె కొట్టే ముందు మూడుసార్లు కాలిక్యులేటర్ తీశా.

ఎగ్జామ్ 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. జీకే 30, కరెంట్ అఫైర్స్ 30, మిగతా 60 లా ఆప్టిట్యూడ్, అంటే సగం పేపర్ అక్కడే ఉంది, నేను టైమంతా దానిమీదే పెట్టా. రాజ్యాంగం ఆర్టికల్స్ బట్టీ కొడితే రెండోరోజుకే పోయేవి, కేసుల కథలు మాత్రం గుర్తుండేవి. ఇంగ్లండ్‌లో ఒకాయన తన జాగాలో నీళ్లకోసం రిజర్వాయర్ కట్టిస్తే ఆ నీళ్లు కిందనుంచి పక్కాయన బొగ్గు గనిలోకి పోయినయి, తప్పు లేకపోయినా నష్టం కట్టాల్సిందే అన్నారు, 1868 రైలాండ్స్ కేసు. ఇది బాపుకి చెప్తే "మన ఎగువోని కుంట తెగినప్పుడు ఈ ముచ్చట తెలిస్తే బాగుండు" అన్నడు, అప్పటినుంచి రోజూ ఒక కేసు అడిగేవాడు.

మార్కులు 71 వచ్చినయి, ర్యాంకు వెయ్యి దాటింది, ఓయూ క్యాంపస్ ఆశ వదిలేసి వెబ్ ఆప్షన్స్‌లో ప్రైవేట్ కాలేజీలు పెట్టుకుంటే హైదరాబాద్‌లోనే ఒకటి వచ్చింది.

అసలు నరకం టీసీ దగ్గర. సీటొచ్చిన కాలేజీలో రిపోర్టింగ్‌కి ఒరిజినల్ కావాలి, అది బీటెక్ కాలేజీలో ఉంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు కాబట్టి 38 వేలు నువ్వే కట్టు, గవర్నమెంట్ వేసినాక తిరిగి ఇస్తం అన్నాడు క్లర్క్. మొదటిసారి పోతే సార్ లంచ్‌కి పోయిండు, రెండోసారి ప్రింటర్ పాడైంది, మూడోసారి మామను తోలుకపోయి ఆయన దగ్గర అప్పు తీసుకున్న 20 వేలు కౌంటర్లో పెట్టి, మిగతాది మూడు నెలల్లో కడతానని కాగితం మీద రాసిచ్చా. సీట్లు కన్ఫర్మ్ చేసుకోడానికి ఇంకా రెండే రోజులు ఉన్నయి అప్పటికి. ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెప్తా, లాసెట్‌కి చదవడం మొదలుపెట్టిన రోజే పోయి టీసీ సంగతి తేల్చుకోండి, ప్రిపరేషన్ దానికంటే చాలా ఈజీ. బయటికొచ్చి చూస్తే టీసీలో కండక్ట్ అన్న చోట "గుడ్" అని రాసుంది, ఆరేళ్లలో ఆ కాలేజీ నాకిచ్చిన మంచి గ్రేడ్ అదొక్కటే.

క్లాసుల మొదటిరోజు నా పక్కన రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన కూర్చున్నాడు, లాసెట్‌కి వయసు పరిమితి లేదు కదా. "డిగ్రీల ఎంతొచ్చినయ్ తమ్మీ" అని అడిగాడు. సిగ్గుపడుతూనే 45.8 అని చెప్పా. ఆయన నవ్వి "నాకు 46, నీకంటె పాయింట్ రెండు ఎక్కువే, లే, ఫ్యాన్ కింద సీటు నాది" అన్నాడు.