రౌటర్ మార్చాను, అయినా కాల్ తెగింది

ఇంట్లో ముందు గదినే ఆఫీసు చేసుకుని నేనూ, మరో ఇద్దరూ కలిసి అకౌంట్స్ పని చేస్తుంటాం. రోజుకు నాలుగైదు వీడియో కాల్స్ తప్పవు. కొన్ని నెలల పాటు ఒకటే గోల. అవతలివాళ్లు అసలు సంగతికి వచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోయేది, మాట ముక్కలుముక్కలుగా వచ్చేది. "వినబడుతోందా, వినబడుతోందా" అనడమే నా పనైపోయింది.

తప్పంతా పాత రౌటర్‌దే అనుకుని కొత్తది కొన్నాను. ఆరు యాంటెన్నాలు, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఏఎక్స్3000. బల్ల మీద పెడితే వెల్లకిలా పడ్డ సాలీడులా ఉంది. మొదటి రోజు స్పీడ్ టెస్ట్ చూసి మురిసిపోయాను. రెండో రోజు సాయంత్రం కాల్ మళ్లీ అలాగే తెగింది.

అప్పుడు గానీ ఆ 3000 సంగతి ఆరా తీయలేదు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 2402 ఎంబీపీఎస్, ఈ రెండూ కలిపేసి గుండ్రంగా చెప్పిన అంకె అది. ఆ 2402 అయినా 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ పట్టుకోగల పరికరానికే. మా ల్యాప్‌టాప్‌లు 80 దగ్గరే ఆగుతాయి కాబట్టి వాటికి అందులో సగమే. అదీ కాగితం మీద లెక్క, చేతికొచ్చేది ఇంకా తక్కువ. అసలు మా లైనే 200 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20. ఇక 3000తో నాకేం పని?

తమ్ముడికి ఫోన్ చేసి నా గోడు వెళ్లబోసుకుంటే వాడు ఒకే మాట అన్నాడు. "అన్నయ్యా, రోగం ఇంట్లో ఉందో బయట ఉందో చూడకుండా మందు కొన్నావు." రెండు విండోలు తెరిచి, ఒకదానిలో రౌటర్ అడ్రస్ 192.168.1.1కి, రెండోదానిలో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టమన్నాడు. అంటే చిన్న సందేశం పంపి, జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో కొలవడం. పెట్టి కూర్చున్నాను. మొదటిదానిలో 2, 3, 2 మిల్లీసెకన్లు. రెండోదానిలో 18, 19, 18. అరగంట పాటు ఏమీ లేదు. ఉన్నట్టుండి రెండో విండోలో 19 కాస్తా 140 అయింది, తర్వాత 390, ఆ తర్వాత 780. మొదటి విండో మాత్రం 3 దగ్గర నింపాదిగా కూర్చుంది.

అంటే వై-ఫైకి ఏ రోగమూ లేదు. ఆరు యాంటెన్నాలూ నిర్దోషులే! తల తిప్పి చూస్తే, మాతో పనిచేసే ఆవిడ ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి ఉంది. ఛార్జర్ తగిలించగానే అది ఫొటోలు, వీడియోలు అన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడుతుందట. ఫోన్ తీసేయమన్నాను. పది సెకన్లలో పింగ్ 19కి దిగింది. మళ్లీ పెట్టమన్నాను, మళ్లీ ఎక్కింది. ఇలా మూడుసార్లు చేయించేసరికి ఆవిడ నన్ను అదోలా చూసింది.

టికెట్ కౌంటర్ ముందు ఒక్క మనిషే యాభై మందికి టికెట్లు తీస్తుంటే, ఒకే టికెట్ కావాల్సినవాడు వెనకాల ఎంతసేపు నిలబడాలి? మా 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ దగ్గర జరిగింది ఇదే. రౌటర్, మోడెమ్ ఏ ప్యాకెట్‌నీ (డేటా ముక్కనీ) పారేయడం ఇష్టం లేక అన్నిటినీ పొడుగాటి వరసలో నిలబెడతాయి. ఫోన్ వీడియో వరసంతా ఆక్రమించేస్తే నా మాటలు ఆ వెనకాల చిక్కుకుంటాయి. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో కోడెల్ అనే విరుగుడు కూడా వచ్చింది. ఇన్నేళ్లయినా చాలా రౌటర్ల పెట్టెల మీద దాని ఊసే ఉండదు. యాంటెన్నాలైతే దూరం నుంచే కనబడతాయి మరి.

నేను కొన్నదానిలో ఏ పనికి ముందు దారి ఇవ్వాలో ఎంచుకునే క్యూఓఎస్ అని ఒక మెనూ ఉంది. గేమింగ్, వీడియో అంటూ టిక్కులు పెట్టుకోవడమే గానీ పింగ్‌లో మార్పేమీ రాలేదు. వాపసు గడువు ఇంకా ఉండటంతో దాన్ని తిప్పి పంపేశాను.

రెండోసారి వెతుకులాట వేరుగా సాగింది. ముందు ఎస్‌క్యూఎం ఉందా అని చూశాను. కోడెల్ లాంటి విరుగుళ్లతో వరసను నడిపే ఏర్పాటు అదే. ఇది నడిచేటప్పుడు పనంతా రౌటర్ ప్రాసెసర్ మీద పడుతుంది, పాత చిప్ అయితే లైన్ వేగమే తగ్గిపోతుంది. అందుకని మా 200కి అది తట్టుకుంటుందో లేదో చూసుకోవాల్సి వచ్చింది. తర్వాత కంపెనీ సైట్‌లో డౌన్‌లోడ్ పేజీ తెరిచి, ఆఖరి ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఏ తేదీదో చూశాను. నన్నడిగితే స్పెసిఫికేషన్లన్నిటికంటే ఆ ఒక్క తేదీయే ఎక్కువ చెబుతుంది. నాకు బాగా నచ్చిన ఒక మోడల్‌కి మూడేళ్లుగా అప్‌డేటే లేదు. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (దొంగచాటుగా చేజిక్కించుకున్న పరికరాల దండు) కెమెరాలు, రౌటర్లలోకి దూరింది వాటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులు పట్టుకునే. దిక్కులేని పరికరాన్ని ఇంటి గుమ్మంలో పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

ఇంకో చిక్కు వెర్షన్లతో. ఒకే మోడల్ పేరు మీద వీ1, వీ2, వీ3 అని వస్తాయి, లోపల చిప్పులే వేరు. కంపెనీ చేతులెత్తేసినా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చన్నది నా ధీమా, కానీ అది వీ1కి పనిచేసి వీ2కి పనిచేయకపోవచ్చు. పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఆవగింజంత అక్షరాల్లో ఉంటుంది ఈ సంగతి. అమ్మేవాళ్లను స్టిక్కర్ ఫొటో పంపమని అడిగి మరీ కొన్నాను.

వై-ఫై 6 కంటే కొత్త తరమైన వై-ఫై 7 వైపు కాసేపు మనసు లాగింది. మా దగ్గర దాన్ని అందుకునే పరికరం ఒక్కటీ లేదు. వై-ఫై 6తో సరిపెట్టుకున్నాను. దీనికి యాంటెన్నాలు రెండే.

ఎస్‌క్యూఎంలో అప్‌లోడ్ 18, డౌన్‌లోడ్ 180 అని పెట్టాను. అసలు వేగం కంటే కొంచెం తగ్గించి పెడితేనే వరస మోడెమ్ దగ్గర కాకుండా రౌటర్ చేతిలో ఉంటుంది. ఆవిడ ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టించి పింగ్ చూశాను. 24, 27, 25. ఆ ఆనందంలో స్పీడ్ టెస్ట్ కొడితే 94. మళ్లీ కొడితే మళ్లీ 94.

ప్రాసెసర్ చాలలేదేమోనని గుండె జారింది. స్టేటస్ పేజీ చూస్తే బయటి లైన్ తగిలించే వాన్ పోర్ట్ ఎదురుగా 100 అని ఉంది, 1000 ఉండాలి. పాత కేబుల్ పొట్టిగా ఉందని సొరుగులోంచి వేరేది తీసి తగిలించాను కదా, దాని ప్లగ్ మెడ దగ్గర వంగి తెల్లగీత పడి ఉంది. లోపల ఎనిమిది తీగలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. ఆ నాలుగూ కాక మిగతావాటిలో ఒక్క తీగ తెగినా ఎవరికీ చెప్పకుండా వందకు దిగిపోయి నడుస్తుంది. కేబుల్ మార్చాక 170 దాటింది.

మిగతావన్నీ ఒక గంట పని. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో చేరనిచ్చే డబ్ల్యూపీఎస్ ఆపేయడం, వచ్చేపోయేవాళ్ల ఫోన్లకు గెస్ట్ నెట్‌వర్క్ పెట్టడం. వై-ఫై భద్రతకు కొత్త రకం డబ్ల్యూపీఏ3 పెడితే ముసలి ప్రింటర్ మొరాయించింది, దానికోసం పాత డబ్ల్యూపీఏ2 కూడా ఉంచాను.

నిన్న ఒక క్లయింటుతో నలభై నిమిషాల కాల్. ఆ సమయంలోనే ఫోన్ నుంచి 4 జీబీ వీడియో వెళ్తోందని అయ్యాక తెలిసింది. మధ్యలో ఒక్కసారి మాట తెగింది, నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు: "వినబడుతోందా? మా వైపు నెట్ పోయినట్టుందండీ."