హెర్నియా అని చెప్పారట

గుంటూరు వదినకి మనవడిది హెర్నియా ఆపరేషన్ అని చెప్పారట. నిజానికది హైపోస్పేడియాస్, అంటే మగపిల్లాడికి మూత్రం వచ్చే రంధ్రం ఉండాల్సిన చోట లేకపోవడం. "మా అత్తగారికి అలాగే చెప్పాం అత్తయ్యా, మీరు కూడా అదే మాట మీద ఉండండి" అంది వదిన కోడలు, ఆ అమ్మాయి, ఫోన్లో. సరే అన్నాను. అన్నానే గానీ సాయంత్రం నుంచీ చెప్పులో రాయిలా అదే గుచ్చుతోంది. మా ఆయన "నీకెందుకు, వాళ్ళ పిల్లాడు, వాళ్ళ ఇష్టం" అని అటు తిరిగి పడుకున్నారు. ఆయన సంగతి మీకు తెలిసిందేగా.

అబద్ధం ఆడారని కాదు నా బాధ. ఆడటానికి ఆ అబద్ధమే దొరికిందా అని. హెర్నియా అంటే ఏమిటో వదినకి బాగా తెలుసు. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రానికి తెచ్చేసుకుంటారు, మూడో రోజుకి పిల్లాడు ఇల్లంతా పాకేస్తాడు. వీణ్ణీ అలాగే లేపి చంకనేసుకుంటుంది. చంకనెక్కిన పిల్లాడి కాళ్ళు చెరోవైపు ఉంటాయి, కుట్లున్న చోటు సరిగ్గా ఎత్తుకున్నవాళ్ళ నడుం ఎముకకి ఒత్తుకుంటుంది. హైపోస్పేడియాస్ చేసిన పిల్లాణ్ణి కనీసం రెండు మూడు వారాలు అలా ఎత్తకూడదు. చేతుల మీద అడ్డంగా ఎత్తుకోవాలి, లేదా భుజానికేసుకుని కాళ్ళు రెండూ ఒకే వైపు ఉంచాలి. మూడు చక్రాల సైకిలూ, చెక్క గుర్రమూ అటక మీదికి. ఇదంతా "హెర్నియా" అన్న మాటలో ఎక్కడుంది?

డిశ్చార్జి కాగితంలో కూడా ఉండదు. వాళ్ళు వెళ్ళే ఆసుపత్రి పేరెందుకు గానీ, ఇంతకు ముందు వేరేవాళ్ళ కాగితం చూశాను. మందుల పేర్లు, "బీడీ", "టీడీఎస్", "ఎస్‌ఓఎస్" (రోజుకి రెండుసార్లు, మూడుసార్లు, అవసరమైతేనే అని), మళ్ళీ ఎప్పుడు రావాలో తారీఖు. చంక గురించి ఒక్క ముక్క లేదు. ఆపరేషన్ చేసేది గంటన్నరో రెండు గంటలో. దాన్ని కాపాడాల్సింది ఇంట్లోవాళ్ళు. వాళ్ళకేమో ఇచ్చేది ఇంగ్లీషు పొడి అక్షరాలు.

వీడికి రంధ్రం కొసన కాకుండా కాస్త కిందివైపు ఉంది. ముందు తోలంతా పైవైపే పోగైంది. రెండు మూడొందల మంది మగపిల్లల్లో ఒకరికి ఉండేదే. కడుపులో 8వ వారం నుంచి 14, 16 వారాల దాకా మూత్రనాళం కింద నుంచి పైకి మూసుకుంటూ వస్తుంది, ఎక్కడ ఆగితే రంధ్రం అక్కడ మిగులుతుంది. గ్రహణం రోజు కోడలు కత్తిపీట ముట్టుకున్నందుకు కాదు. (ఆ మాట ఎవరంటారో మీరు ఊహించుకోగలరు. అసలు నిజం దాచడానికి సగం కారణం అదేనేమో.) ఫలానా వల్ల వచ్చిందని చాలామందిలో తేలదు. తండ్రికో అన్నకో ఉంటే తమ్ముడికి వచ్చే అవకాశం మాత్రం కొంచెం ఎక్కువ.

ఒక మంచిపని చేశారు, ఎవరో "సున్తీ చేయిస్తే పోతుంది" అంటే వినలేదు. ఆ తోలే కావాలి. వీడికి చేసేది స్నాడ్‌గ్రాస్ పద్ధతి, 1994 నుంచి వాడుకలో ఉన్నది. రంధ్రం నుంచి కొస దాకా ఉన్న చర్మం పట్టీని మధ్యలో నిలువునా గాటుపెట్టి, వెడల్పు చేసి, మూత్రం పోవడానికి పెట్టే సన్నని పైపు చుట్టూ గొట్టంలా కుడతారు. ఆ కుట్టు మీద ముందు తోలు లోపలి పొరని కప్పుతారు. ఆ కప్పు లేకపోతే కుట్టు మధ్యలో చిల్లు పడే ప్రమాదం పెరుగుతుంది. వయసు కూడా సరిపోయింది, 6 నెలల నుంచి 18 నెలల లోపు అంటారు. వీడికి ఏడాది దాటింది, పది కిలోలున్నాడు. పుట్టువెంట్రుకలు అయ్యాకే అని వదిన పట్టుబట్టకపోతే ఈపాటికి అయిపోయేది.

చంక తరవాత నాకున్న రెండో భయం ఆపరేషన్ రోజు పొద్దున్న. ఆరు, నాలుగు, రెండు. పోతపాలు, ఇడ్లీ లాంటివి 6 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్ళు, పంచదార నీళ్ళు 2 గంటల ముందు. పొట్టలో ఏమున్నా మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. "పాపం, ఆకలికి ఏడుస్తున్నాడు" అని బామ్మలు చీరకొంగు చాటున ఒక బిస్కెట్ ముక్క పెట్టడం, మత్తు డాక్టరు కేసు వాయిదా వెయ్యడం వార్డులో కొత్తేం కాదు.

బామ్మలంటే గుర్తొచ్చింది, తెనాలి వైపు నుంచి ఒకావిడ. మనవడికి ఇదే ఆపరేషన్. ఆవిడకి కొడుకు మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పాడు. డబుల్ డైపర్ వెయ్యడం సిస్టర్ ఒకసారి చూపించిందంతే. లోపలి డైపర్ ముందు భాగంలో ప్లస్ ఆకారంలో చిన్న గాటు పెట్టి, పైపుని అందులోంచి బయటికి తీసి, పైన ఇంకో డైపర్ వేస్తారు. లోపలిది మలానికి, పైది మూత్రానికి. రెండూ కలవకుండా ఉండటమే కిటుకు. గాటు పెట్టిన చోట లోపలి జెల్ గింజలు రాలి కట్టుకి అంటుకుంటున్నాయని ఆవిడ కనిపెట్టింది. మైక్రోపోర్ టేపు అడిగి, గాటు అంచులన్నీ మడిచి అంటించింది, జాకెట్టుకి కాజా కుట్టినంత శ్రద్ధగా. పైపు కొస కిందికి చూస్తోందో లేదో వేలితో తడిమి గానీ పై డైపర్ మూసేది కాదు. రెండు మూడు గంటలు పై డైపర్ పొడిగా ఉంటే, ఎవరూ చెప్పకుండానే విప్పి పైపు మడతపడిందేమో చూసుకునేది. పక్క మంచం తల్లికి కూడా ఆవిడే నేర్పింది. పెదాలు బిగబట్టి టేపు అంటించే ఆ ముఖం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

అమ్మాయి వైపు నుంచి ఆలోచిస్తే మాత్రం ఇప్పుడు కోపం కాస్త తగ్గుతోంది. బ్రాడీపేటలో వాళ్ళ వీధి సంగతి నాకు తెలియదా. ఈ మాట బయటికి పొక్కితే వాడు కాలేజీకి వెళ్ళేనాటికి కూడా "చిన్నప్పుడు వాడికేదో ఉండేదట" అని మిగుల్తుంది. వాడి ఒంటి సంగతి వాడిది. ఎవరికి చెప్పాలో పెద్దయ్యాక వాడు తేల్చుకుంటాడు. వీధికి హెర్నియా అనే చెప్పనీ, నేనూ అదే అంటాను. రేషన్ కార్డు పట్టుకుని ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర నిలబడ్డా (పేరు మార్చినా మనకి అది ఆరోగ్యశ్రీయే, ఈ ఆపరేషన్ అందులో ఉంది) వెనకున్నవాళ్ళకి హెర్నియా అనే చెప్పొచ్చు. కానీ వాణ్ణి ఎత్తుకునే చేతులకి నిజం తెలియాలి. అమ్మాయి స్నానానికి వెళ్తే వాడు ఎవరి దగ్గరుంటాడు, వదిన దగ్గరేగా.

మందుల దగ్గర కూడా అంతే. నొప్పి తెలియకుండా నడుం దగ్గర ఇచ్చే ఇంజెక్షన్ వల్ల మొదటి కొన్ని గంటలు హాయిగా ఉంటాడు. అది దిగేలోపే పారాసెటమాల్ పడాలి. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పది కిలోలకి 150 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకోసారి. 250 సిరప్ (5 మిల్లీలీటర్లకి 250 మిల్లీగ్రాములుండేది) అయితే 3 మిల్లీలీటర్లు. అదే చుక్కల మందు మిల్లీలీటరుకి 100 ఉంటుంది, ఒకటిన్నర చాలు. సీసా మారి చుక్కల మందు 3 పోస్తే రెట్టింపు డోసు.

ఉన్నట్టుండి ఒళ్ళు బిగబట్టి, కాళ్ళు ముడిచి, ఎర్రబడి ఏడ్చి, పైపు పక్కనుంచి మూత్రం చిమ్మితే అది మూత్రాశయం పట్టెయ్యడం. దానికి పారాసెటమాల్ సరిపోదు, ఆక్సీబ్యుటినిన్ ఇస్తారు. అది చెమట తగ్గిస్తుంది, ఈ ఎండల్లో ఒళ్ళు కాలిపోతే జ్వరమనుకుని కంగారు పడతారు. మలబద్ధకం కూడా చేస్తుంది, ఆ ముక్కుడికి పట్టెయ్యడం ఇంకా ఎక్కువవుతుంది. విరేచనం సాఫీగా అయ్యేందుకు లాక్టులోజ్ రాయించుకోవాలి. పైపు ముందే ఊడొస్తే తిరిగి దూర్చకూడదు, ఫోన్ చెయ్యాలి. 101 దాటిన జ్వరానికీ అంతే.

వారానికో పది రోజులకో పైపు తీశాక మొదటిసారి మంటకి ఏడుస్తాడు, ధార వంకరగా పడుతుంది, వాపు తగ్గితే సర్దుకుంటుంది. ధార దారంలా సన్నబడినా, ముక్కుతున్నా, కింద ఇంకోచోట తడి కనిపించినా చూపించాలి. చిల్లు పడితే 6 నెలలైనా ఆగి గానీ మళ్ళీ కుట్టరు. ఇది కూడా వదిన కంటే ముందు ఎవరు చూస్తారు? రోజూ వాడికి స్నానం పోసేది ఆవిడే.

రేపు అబ్బాయితోనే మాట్లాడతాను, తల్లికి వాడే చెప్పుకోవాలి. గ్రహణం ఊసెత్తితే ఫోన్ నాకిమ్మంటాను. డైపర్లు లోపలికి ఎం, పైకి ఎక్స్‌ఎల్ కొనమని కూడా చెప్పాలి. రెండూ ఒకే సైజు కొంటే పైది బిగిసి పైపు మడతపడుతుంది.