బాబాయి గారి కంపెనీ

ఆగస్టు 10, ఆదివారం

నిన్న శ్రావణ పౌర్ణమి. ఈ రోజు కాస్త ఆలస్యంగా లేవవచ్చని అనుకున్నాను కానీ ఏడు గంటలకే హైదరాబాద్ నుంచి అబ్బాయి నా ఫోనుకు ఒక బొమ్మ పంపాడు. మన కారుకు కొత్త కంపెనీలో బీమా 7,350 రూపాయలకే వస్తుందట. కింద ఒక వాక్యం: "ఇంకా ఆ తాతయ్య దగ్గరే కట్టాలా అమ్మా?" తాతయ్య అంటే మా బీమా ఏజెంటు బాబాయి గారు.

మా పాలసీ ఈ నెల 19తో ముగుస్తుంది. పాత కంపెనీ నోటీసు వారం రోజులుగా ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లు కింద ఉంది. అందులోని అంకె 10,960. తేడా 3,610 రూపాయలు. నాలుగు గ్యాస్ బండలు వచ్చే డబ్బు. కాఫీ చల్లారిపోయినా చూసుకోలేదు.

ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. రెండు భిన్నాలను పోల్చాలంటే ముందు హారాలు సమానం చేయాలని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో. సొంతింటి లెక్క దగ్గరికి వచ్చేసరికి పైన ఉన్న అంకె చూసి ఎగిరి గంతేశాను. సరే, కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

ముందుగా కదలనిది పక్కన పెట్టాను. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది, ప్రభుత్వం నిర్ణయించేది. వెయ్యి సీసీ దాటి పదిహేను వందల లోపు ఉన్న మా బోటి కారుకు 2022 జూన్ నుంచి 3,416 రూపాయలు. పద్దెనిమిది శాతం పన్ను కలిపితే 4,031. ఏ కంపెనీకి వెళ్లినా అది తప్పదు, అందులో బేరం లేదు. మిగిలిన దానిలోనే అసలు పోటీ.

ఆ మిగిలిన దానిలో చూస్తే, పాత కంపెనీ మా కారు విలువను 3,40,000గా వేసింది, కొత్తది 2,85,000గా. కొన్న తొలి ఐదేళ్లకు ఏ ఏడాది ఎంత తరుగు తీయాలో పట్టిక ఉంటుంది. ఆ తర్వాత కంపెనీ, యజమాని ఒప్పుకున్నంత. 2019లో కొన్నది కాబట్టి మాది ఆ పట్టిక దాటేసింది. విలువ తగ్గించి చూపితే ప్రీమియం తగ్గుతుంది, నిజమే. కానీ మా వైపు రోడ్లన్నీ కాలువ గట్ల వెంబడే కదా. రేపు కారు కాలువలో పడి పనికిరాకుండా పోతే చేతికి వచ్చేది కూడా 55,000 తక్కువ. ఇక రెండోది, నీరు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ రక్షణ కొత్త దానిలో లేనే లేదు. అబ్బాయికి ఫోను చేసి రెండూ సమానం చేయించాను. అప్పుడు 9,390 అయింది. మూడు వేల ఆరు వందల తేడా 1,570కి దిగింది. అయినా తేడా తేడాయే.

అసలు కోపం వేరే చోట వచ్చింది. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో తగ్గించేది నో క్లెయిమ్ బోనస్. నిరుడు మాది 25 శాతం. ఈ ఏడాది 35. కారు ఒక ఏడాది పాతబడింది, విలువ తగ్గింది, బోనస్ పెరిగింది. మరి నిరుడు 10,700 కట్టినదానికి ఇప్పుడు 10,960 ఎలా అయింది? రెండు నోటీసులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలింది. బోనస్ కాక వాళ్లు విడిగా ఇచ్చే రాయితీని చడీచప్పుడు లేకుండా కోసేశారు. ఒక చేత్తో పెట్టి మరో చేత్తో లాక్కోవడం.

టోల్ ఫ్రీ నంబరుకు చేశాను. పాలసీ మారుస్తున్నానని చెప్పాక పది నిమిషాలు సంగీతం వినిపించి, 10,250కి ఇస్తామన్నారు. ఆ 710 రూపాయలు తగ్గించకుండా ఉంటే బహుశా అక్కడే ఉండిపోయేదాన్ని. అడిగితే తగ్గేది అడగకముందు ఎందుకు వేశారు? ఏటా నోరు మూసుకుని కట్టినందుకు ఇన్నాళ్లూ ఎంత ఎక్కువ కట్టానో లెక్క వేయబోయి, ఆదివారం పూట ఎందుకులే అని ఆపేశాను.

కంపెనీ మారితే బోనస్ పోతుందని మా స్టాఫ్ రూములో సగం మంది నమ్మకం. పోదు. అది కంపెనీది కాదు, బండిది కూడా కాదు, యజమానిది. పాలసీ ముగిశాక తొంభై రోజుల లోపు రెన్యువల్ చేయించుకోకపోతేనే పోతుంది. క్లెయిమ్ చేస్తే ఎలాగూ పోతుంది. ఆ సంగతి మా సోషల్ మాస్టారికి బాగా తెలిసివచ్చింది. కొబ్బరి చెట్టు కింద కారు పెట్టారు (కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి!), బానెట్ మీద కాయ పడింది. బాగుచేయడానికి 4,500 అవుతుందన్నారు. పట్టుదలగా క్లెయిమ్ చేశారు. ఏ క్లెయిమ్‌లోనైనా మనమే భరించాల్సిన వెయ్యి రూపాయలు పోను, పైగా తరుగు తీసేసి, మిగిలింది ఇచ్చారు. మరుసటి ఏడు యాభై శాతం బోనస్ సున్నా అయింది. అంత ఖరీదైన కొబ్బరికాయ అంబాజీపేట మార్కెట్టులో కూడా దొరకదని అందరం ఏడిపించాం.

ఇంతవరకూ లెక్క. లెక్కకు అందనిది ఏజెంటు బాబాయి గారు.

ఆయన మా నాన్న స్నేహితుడు. పాలకొల్లులో ఉంటారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులు దాటి, 25 లక్షలకు పైగా నీరు వచ్చిన గోదావరి వరద. అమ్మను తీసుకురావడానికి లంకలోకి కారు వేసుకుని వెళ్లాం. అప్పటికే వెళ్లకూడదు, తెలుసు. అమ్మ ఆవును వదిలి రానంది. రాత్రి ఉండిపోయాం. తెల్లారేసరికి కాజ్‌వే కనిపించలేదు, కారు సీట్ల దాకా ఎర్రనీటిలో ఉంది. ఆవును, అమ్మను పడవ ఎక్కించి బయటపడ్డాం. నీళ్లు తీశాక తమ్ముడు కారు ఎక్కి తాళం పెట్టాడు. సరిగ్గా అప్పుడు బాబాయి గారి ఫోను.

"అమ్మాయ్, కారు తాళం తిప్పారా?"

"ఇంకా లేదు బాబాయి గారూ."

"తిప్పవద్దు. ఎవరినీ తిప్పనివ్వవద్దు. ట్రాక్టరుకు కట్టి లాగించు. ఫొటోలు తీయి."

నీరు చేరిన ఇంజిన్‌ను స్టార్టు చేస్తే లోపల విరిగిపోతుందట. మామూలు పాలసీలో వరద నష్టానికి డబ్బు ఇస్తారు కానీ, మనం తాళం తిప్పి ఇంజిన్ పాడుచేసుకుంటే అది వరద నష్టం కిందికి రాదట. అప్పట్లో మాకు ఇంజిన్ రక్షణ లేదు. బిల్లు 62,000 అయింది. ప్లాస్టిక్కు, రబ్బరుకు సగం విలువే కట్టి, అవీ ఇవీ కోసి 41,000 ఇచ్చారు. బోనస్ సున్నా అయి మళ్లీ 20, 25, ఇప్పుడు 35కి వచ్చింది. ఆ రోజు తాళం తిప్పి ఉంటే ఇంజిన్ ఖర్చు మొత్తం మాదే అయ్యేది.

ఆ ఫోను కంపెనీ చేయలేదు, బాబాయి గారు చేశారు. కానీ డబ్బు కట్టేది కంపెనీకి. ఈ ముడి ఎలా విప్పాలో తెలియక మధ్యాహ్నం భోజనం చేసి పాలకొల్లు బయలుదేరాను. ఫోనులో చెప్పే మాట కాదు. చించినాడ వంతెన కింద వశిష్ఠ గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. ఆగి చూడలేదు.

పిన్ని గారు తలుపు తీశారు. బాబాయి గారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. నిరుటి కంటే బాగా చిక్కారు. నా కాగితం తీసుకుని కళ్లజోడు పైకి తోసి, రెండు నిమిషాలు చదివి, "లెక్క బాగానే వేశావు" అన్నారు.

"మీ కంపెనీవాళ్లు తగ్గించరా బాబాయి గారూ?"

"ఫోనులో తగ్గించారుగా. అంతకంటే నా చేతిలో లేదు. నా కమీషనులోంచి తీసి ఇద్దామంటే చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా, నీకు వచ్చే తేడా అంత ఉండదు నా కమీషను." నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత కాగితం వెనకవైపు తిప్పి పెన్నుతో రాయడం మొదలుపెట్టారు. 2022 క్లెయిమ్ దాచవద్దు, బోనస్ 35 అనే వేయి. వాళ్లు పాత కంపెనీని అడుగుతారు. అబద్ధమని తేలితే అవసరం వచ్చినప్పుడు చేతులెత్తేస్తారు. కొత్త పాలసీ 19 అర్ధరాత్రి నుంచే మొదలు కావాలి, ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. ఉంటే మళ్లీ బండిని తనిఖీ చేయించుకోవాలి. భీమవరంలో నగదు కట్టనక్కరలేని గ్యారేజీ ఉందో లేదో చూడు, రాజమహేంద్రవరం దాకా లాగించడం ఎవరి వల్ల అవుతుంది? ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీ పక్కన పెట్టుకుని సరిచూడు.

పోతున్న పాలసీకి ఇన్ని జాగ్రత్తలు చెబుతుంటే తల వంచుకుని వింటున్నాను. స్కూటరు పాలసీ మీ దగ్గరే ఉంటుంది అన్నాను. ఎందుకన్నానో తెలియదు, లంచం ఇచ్చినట్టు వినిపించింది నాకే. ఆయన "ఉండనీ" అని, పిన్ని గారితో కాఫీ తెమ్మన్నారు.

రాత్రి ఎనిమిదింటికి అబ్బాయి, నేను ఫోనులోనే కూర్చుని కొత్త కంపెనీకి 9,390 కట్టేశాం. భీమవరంలో గ్యారేజీ ఉంది. పాలసీ కాగితం అప్పటికప్పుడే వచ్చింది. ఆర్సీ పక్కన పెట్టుకుని అన్నీ చూశాను. పేరు, తేదీలు, విలువ, బోనస్, అన్నీ సరిగా ఉన్నాయనిపించింది. ఊరికే బాబాయి గారికి కూడా పంపాను.

తొమ్మిదిన్నరకు జవాబు వచ్చింది. "ఇంజిన్ నంబరులో చివరి అంకె తప్పు పడింది. రేపు పొద్దున్నే సరిచేయించు."