చాక్‌పీసుల డబ్బాలో చీటీలు

ప్రత్యుత్పత్తి పాఠం వస్తే మా సారు "ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవారు. టీచర్నయ్యాక మొదటి ఏడాది నేనూ అదే చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మరుసటి ఏడు ఖాళీ చాక్‌పీసుల డబ్బాకి చిల్లు పెట్టి బల్ల మీద ఉంచాను. పేరు రాయక్కర్లేదు, ఏదైనా అడగొచ్చు. మూడు రోజులు ఖాళీ. నాలుగో రోజు ఇరవై మూడు చీటీలు! ఒకదాంట్లో, కొట్టేసి మళ్లీ రాసిన అక్షరాలతో: "టీచర్, నిద్రలో బట్టలు తడుస్తున్నాయి. నాకు జబ్బా?" గోడల మీద 'నరాల బలహీనత' ప్రకటనలు చదివి హడలిపోయినట్టున్నాడు. ఈ వయసులో అది మామూలే, మందు అక్కర్లేదని ఎవరూ చెప్పలేదు పాపం. మర్నాడు క్లాసంతటికీ చెప్పాను. వెనక బెంచీల్లో ఒక్కడూ నవ్వలేదు.

నెలసరి గురించి చెప్పేటప్పుడు అబ్బాయిల్ని బయటికి పంపమని స్టాఫ్‌రూమ్‌లో సలహా. పంపలేదు. యూనిఫాం మీద మరక చూసి నవ్వేది వాళ్లే కదా, వినాల్సిందీ వాళ్లే.

పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం గురించి చెప్పి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బోర్డు మీద రాశాను. తప్పుగా ముట్టుకున్నవాడు సొంత మావయ్యయినా చెప్పొచ్చన్నాను. ఆ రోజు సాయంత్రం చెరిపేయొద్దని స్వీపరమ్మకి చెప్పి మరీ ఇంటికెళ్లాను.