ఒళ్ళు వంచడం, నోరు కట్టుకోవడం

ఆరోగ్యం నిలబెట్టుకోవడానికి ఏం చేయాలని అడిగితే పెద్దలు సాధారణంగా రెండు మాటలే చెబుతారు: ఒళ్ళు వంచి పనిచేయాలి, నోరు కట్టుకోవాలి. మనం ఈ రెండింటినీ వేర్వేరు నియమాలుగా వింటాం. వీలును బట్టి ఒకటి పాటించి, రెండోదాని నుంచి మనకు మనమే మినహాయింపు ఇచ్చుకుంటాం. ఉదయం చెమటోడ్చినవారు ఆ ధైర్యంతో రాత్రి కంచం ముందు లెక్క మరచిపోతారు. తిండి విషయంలో ఎంతో నియమంగా ఉండేవారు పొద్దస్తమానం కుర్చీ దిగరు. నా దృష్టిలో ఇవి విడదీయరాని నియమాలు. మితం శ్రమకూ వర్తిస్తుంది, శ్రమ లేని మితం సగమే ఫలిస్తుంది.

ముందు శ్రమ సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో గుండెజబ్బులు పెరుగుతున్న కాలంలో జెరీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది ఆరోగ్య వివరాలను పరిశీలించారు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు డ్యూటీలో ఎక్కువ భాగం కూర్చునే ఉండేవాడు. కండక్టరు టిక్కెట్లు ఇవ్వడానికి పై అంతస్తుకు ఎక్కుతూ, దిగుతూ రోజంతా తిరుగుతూనే ఉండేవాడు. ఇద్దరూ ఒకే సంస్థలో, ఒకే బస్సులో పనిచేసేవారే. అయినా డ్రైవర్ల కంటే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందనీ, వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చిందనీ 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆయన బృందం ప్రకటించింది. ఉత్తరాలు పంచే పోస్టుమన్‌లకూ, అదే శాఖలో కూర్చుని పనిచేసే గుమాస్తాలకూ మధ్య కూడా ఇలాంటి తేడాయే కనిపించింది.

మోరిస్ అక్కడితో తృప్తిపడలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అందుకే. సిబ్బందికి సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాంల కొలతలు తెప్పించి చూస్తే, చిన్న వయసు డ్రైవర్ల నడుము కొలత కూడా అదే వయసు కండక్టర్ల కంటే ఎక్కువగానే ఉంది. అంటే తేడా మొత్తాన్నీ మెట్ల ఖాతాలో వేయడానికి వీల్లేదన్నమాట. ఎవరు ఏ పనిలో చేరుతున్నారన్నది కూడా చూడాలి. తన వాదానికే అడ్డుపడే ఈ వివరాన్ని 1956లో ఆయనే ప్రచురించారు. ఆ తర్వాత పలు దేశాల్లో జరిగిన పరిశోధనలు ఆయన మొదటి అభిప్రాయాన్ని బలపరిచాయి. ఆయన 2009లో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూశారు.

కదలిక ఇంత మేలు ఎలా చేస్తుందంటే, కండరం పనిలో ఉన్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కోగలదు. తిన్న తర్వాత కాసేపు నడిస్తే చక్కెర అంతగా పెరగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. బరువు మోసిన ఎముక గట్టిపడుతుంది, మోయని ఎముక పలచబడుతుంది. అంతరిక్షంలో నెలల తరబడి ఉండివచ్చిన వ్యోమగాముల ఎముకలే దీనికి సాక్ష్యం. ఇంతకంటే నన్ను ఆలోచింపజేసినది 1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో జరిగిన ఒక ప్రయోగం. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాల పాటు మంచం మీదే ఉంచి, వారి శరీర సామర్థ్యం ఎంత తగ్గిందో కొలిచారు. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, అన్నేళ్ల వయసు భారం తగ్గించిన సామర్థ్యం కంటే ఆనాటి మూడు వారాల పడక తగ్గించినదే ఎక్కువని తేలింది. వయసు మీద పడుతోందని మనం సరిపెట్టుకునే వాటిలో ఎన్ని నిజంగా వయసు వల్ల వచ్చినవో, ఎన్ని కూర్చోవడం వల్ల వచ్చినవో ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే.

అలాగని శ్రమ ఎంత చేస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. మా చిన్నాన్న బస్తాలు మోసే పనిలో జీవితమంతా గడిపారు. ఆయన భుజాలు, పిక్కలు చూసి కుర్రవాళ్లు అసూయపడేవారు. కానీ అరవై నిండకముందే, కూర్చున్న చోటి నుంచి లేవాలంటే ముందు ఒక చెయ్యి నేలకు, రెండో చెయ్యి మోకాలికి ఆన్చి, ఊపిరి బిగబట్టి, నడుమును కొద్దికొద్దిగా నిటారు చేసుకోవలసి వచ్చేది. వ్యాయామశాలలో బరువులెత్తేవారు ఆపాలనిపించినప్పుడు ఆపుతారు. ఆయనకు లారీ ఖాళీ అయితేనే విరామం. బరువైన కూలి పనిలో రక్తపోటు గంటల తరబడి ఎక్కువగానే ఉంటుంది, ఒకే భంగిమ కీళ్లను అరగదీస్తుంది, కోలుకోవడానికి వ్యవధి దొరకదు. అందుకే విశ్రాంతి లేని కాయకష్టానికి వ్యాయామంతో సమానమైన ఫలితం దక్కదని పరిశోధకులు కొంతకాలంగా చెబుతున్నారు. కండరం బలపడేది బరువెత్తిన క్షణంలో కాదు, ఆ తర్వాతి విశ్రాంతిలో.

కుర్చీలో కూర్చుని చేసే చాకిరీకీ ఇదే వర్తిస్తుంది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో అంచనా వేశాయి. రాత్రింబవళ్లు పనిచేయడాన్ని గొప్పగా చెప్పుకునేవారికి ఈ అంకెలు నచ్చకపోవచ్చు.

ఇక నోటి సంగతి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. ఆస్తుల మాటేమో గానీ, ఒంటి విషయంలో మాత్రం కూర్చుని తింటే కొండలు పెరుగుతాయి. డెబ్బై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. తీపి పదార్థమైతే నాలుగు ముద్దల్లో అది తిరిగి వచ్చేస్తుంది. నడకతో తిండిని చెల్లుబెట్టాలనుకునేవారి లెక్క ఎక్కడ తప్పుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. నడక చేసే మేలు గుండెకూ, కండరానికీ, నిద్రకూ; బరువు మాత్రం ప్రధానంగా కంచం దగ్గరే తేలుతుంది.

అయితే మితాన్ని కేవలం మనోనిగ్రహానికి వదిలేయడం నాకు సమ్మతం కాదు. 2019లో కెవిన్ హాల్ బృందం అమెరికాలో ఇరవై మందిని పరిశోధనాలయంలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా శుద్ధి చేసిన ప్యాకెట్ ఆహారం, రెండు వారాలు సహజమైన ఆహారం పెట్టింది. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ ఇంచుమించు సమానమే. ఎంత కావాలంటే అంత తినవచ్చు. ప్యాకెట్ ఆహారం పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా తిన్నారు, వేగంగా కూడా తిన్నారు, బరువూ పెరిగారు. అదే మనుషులు, అదే మనోబలం. మారింది ముందున్న తిండి ఒక్కటే. టీవీ చూస్తూ ఒళ్లో పొట్లం పెట్టుకున్నవారిని గమనించండి: ఆకలి ఎప్పుడో తీరిపోయినా చెయ్యి పొట్లానికీ నోటికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది, అడుగున పలుకులు తగిలినప్పుడే ఆగుతుంది. కొనేటప్పుడు పాటించిన మితం తినేటప్పుడు పాటించే మితం కంటే ఎంతో సులువు.

కొలతల విషయానికొస్తే, పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని కల్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపు ఉండాలన్నది కూడా ఆ సంస్థ మాటే. అలవాటు లేనివారు ఒక్కసారిగా మీద పడి కసరత్తు చేస్తే కండరాలు చిట్లి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది గనుక, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఉన్నపళంగా తిండి మానేసే ఉపాయమూ మంచిది కాదు. వ్యాయామం తోడు లేకుండా బరువు వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

మితం అనే మాటకు తావులేని చోటు ఒకటుంది. లెక్క ప్రకారమైతే, రోజుకు ఒక్క సిగరెట్టే కదా అనుకునేవారి అదనపు గుండెజబ్బు ముప్పు, రోజుకు ఇరవై తాగేవారి ముప్పులో ఇరవయ్యో వంతే ఉండాలి. కానీ, ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి 2018లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం, రోజుకు ఇరవై సిగరెట్లు తాగేవారికి ఉండే అదనపు ముప్పులో దాదాపు సగం ఆ ఒక్కదానితోనే వచ్చేస్తుంది. కాబట్టి పొగ తాగేవారు తగ్గించుకుంటూ వస్తున్నామని ఊరట చెందడానికి వీల్లేదు, పూర్తిగా మానాల్సిందే.