పెరట్లో మళ్లీ మునగ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి విశాఖలో మా పెరటి మునగ చెట్టు మొదలంటా కూలిపోయింది. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో కొమ్మ తెచ్చి నాటిన చెట్టు అది. తరువాత ఏళ్ల తరబడి ఆ మూల ఖాళీగానే ఉంది. నిరుడు ఆషాఢంలో రైతుబజారు నుంచి మునగాకు తెస్తే, "దీన్ని కూడా కొనే రోజులు వచ్చాయా!" అంది అమ్మ. అంతే, నేనే నాటాలనుకున్నాను.

బొటనవేలి లావు పుల్లలు నాలుగు తెచ్చి వెంటనే పాతాను. ఆ వానల్లోనే రెండు పూటలా నీళ్లు కూడా పోశాను. పది రోజులకు చిగుళ్లు కనిపించాయి. సంబరంగా అమ్మను పిలిచి చూపించాను. మూడో వారానికి చిగుళ్లన్నీ వాడిపోయాయి. ఒక పుల్ల పట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది. అడుగున ఒక్క వేరు లేదు. మెత్తబడిన తొక్క జారి వేళ్లకు అంటుకుంది, కుళ్లు వాసన.

పెందుర్తి పెదనాన్నకు ఫోను చేశాను. "పుల్లలో ఉన్న సత్తువతో చిగురు వేస్తుందమ్మా, అది చూసి వేరు పట్టిందనుకోకు. మణికట్టు లావు కొమ్మ కొట్టి, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి నాటు" అన్నాడు.

ఈసారి ఫాల్గుణంలో, కొమ్మ ఆయన చెట్టుదే. మూడడుగుల ముక్క. ఎర్రమట్టిలో సగానికి సగం ఇసుక కలిపి, అడుగు లోతున నాటి, పైకొనకు పేడ ముద్ద పెట్టాను. మట్టిలోకి వేలు గుచ్చి, లోపల కూడా పొడిగా ఉంటేనే నీళ్లు పోశాను. చిగురు వచ్చినా నమ్మలేదు. రెండు నెలలు గడిచాక మెల్లగా కదిపి చూస్తే కొమ్మ బిగుసుకుని ఉంది. ఆ క్షణం నా కళ్లు చెమర్చాయి.

కొమ్మతో పెంచిన మునగకు విత్తనపు మొక్కకు ఉన్నట్టు లోతుకు దిగే తల్లివేరు ఉండదు, కర్ర కూడా పెళుసు. తుపానులు వచ్చే మన తీరంలో దాన్ని ఎత్తుగా పెరగనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. అందుకే కొత్త రెమ్మల కొనలు తుంచుతున్నాను. తుంచిన చోటల్లా రెండు మూడు పక్కరెమ్మలు వస్తున్నాయి. పక్కనే రెండు గింజలు కూడా వేశాను.

ఈ ఆషాఢంలో దూసిన మొదటి ఆకు రెండు గుప్పిళ్లే. అమ్మ ఈనెలు ఏరి, తెలగపిండి వేసి కూర చేసింది. పెదనాన్నకు చిన్న గిన్నెడు పంపించాం.