మూఢంలో దొరికిన ధ్రువ నక్షత్రం

మూఢం వచ్చిందని పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి పంచాంగం చెప్పక్కర్లేదు, ఫోన్ మోగకపోతే చాలు తెలిసిపోతుంది. 2025 నవంబర్ చివర్లో శుక్ర మౌఢ్యమి మొదలైంది. ఫిబ్రవరి మధ్య దాకా ముహూర్తాల్లేవు. హనుమకొండలో మా స్టూడియో షట్టర్ పొద్దున ఎత్తడం, నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు, రెండు లామినేషన్లు, రాత్రి దించడం. శుక్రుడు సూర్యుడి అవతలి వైపుకి వెళ్లి (జనవరి 6కి సరిగ్గా వెనక ఉన్నాడు) ఆ వెలుగులో కనపడకుండా పోతే ఇక్కడ మా అసిస్టెంట్ కుర్రాడికి జీతం ఇవ్వడానికి నేను తడుముకోవాల్సి వచ్చింది. ప్రతిసారీ మూఢాన్ని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ని. ఈసారి రాత్రిళ్లు ఎలాగూ ఖాళీయే కదా, చుక్కల ఫొటోలు తీద్దాం అనిపించింది.

కెమెరా, లెన్సులు, ట్రైపాడ్ అన్నీ ఉన్నాయి. లేనిది ట్రాకర్ ఒక్కటే. హైదరాబాద్‌లో ఒకాయన కొన్నాళ్లు వాడి మూలన పెట్టేసినది ఇరవై ఆరు వేలకు ఇచ్చాడు. ఇంట్లో మాత్రం పద్దెనిమిది అని చెప్పాను.

చూడటానికి చిన్న టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. నాలుగు పెన్సిల్ సెల్లు వేస్తే నడుస్తుంది. భూమి తన చుట్టూ తాను ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది, మనం 24 గంటలంటామే గానీ. ఈ డబ్బా అదే వేగంతో కెమెరాను ఎదురు తిప్పుతుంది. అలా తిప్పకపోతే ఏమవుతుందో ముందే చూశాను. 135 ఎంఎం లెన్స్‌తో నా కెమెరాకి, చుక్కలు సాగకుండా షట్టర్ ఎంతసేపు తెరవొచ్చో చెప్పే ఆ పాత 500 లెక్క కడితే రెండు సెకన్ల పైచిలుకు వస్తుంది. అంతకు మించి షట్టర్ తెరిచి ఉంచితే చుక్కలన్నీ పేలాల్లా ఉండాల్సింది పోయి బియ్యపు గింజల్లా సాగుతాయి. రెండు సెకన్లలో నెబ్యులా, అంటే చుక్కల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘం, ఏం పడుతుంది? మసక పడుతుంది. ట్రాకర్ ఉంటే నిమిషం తెరిచి పెట్టొచ్చు.

అయితే డబ్బా తిరిగే ఇరుసు ఆకాశపు ఉత్తర ధ్రువం వైపు గురి పెట్టి ఉండాలి. దీన్నే పోలార్ అలైన్‌మెంట్ అంటారు. వీడియోల్లో ఐదు నిమిషాల పని అని చూపిస్తారు. ఆ వీడియోలు తీసినవాళ్లు యూరప్‌లో ఉంటారు. అక్కడ ధ్రువ నక్షత్రం బాగా ఎత్తులో ఉంటుంది. మన అక్షాంశం ఎంతో ధ్రువం అంత ఎత్తులో ఉంటుంది. వరంగల్‌కి అది 18 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు లెక్క, అంటే నేల అంచు నుంచి రెండు పిడికిళ్లు కూడా నిండదు. పది మీటర్ల దూరంలో మన కంటి కన్నా మూడుంబావు మీటర్లు ఎత్తున్న గోడ ఉంటే చాలు, ధ్రువం దాని వెనక్కి పోతుంది. మా డాబాకి ఉత్తరాన పక్కింటివాళ్ల వాటర్ ట్యాంకు ఉంది. మూడు రాత్రులు ఆ ట్యాంకుకే గురి పెట్టానని తర్వాత తెలిసింది.

పైగా చిన్నప్పటి నుంచీ విన్న కథల వల్ల ధ్రువుడంటే ఆకాశంలో అందరికన్నా పెద్దగా వెలిగే చుక్క అనుకున్నాను. వెలుగులో అది మొదటి నలభైలో కూడా రాదు. హనుమకొండ వీధి దీపాల్లో దాన్ని వెతకడం జాతరలో పిల్లాణ్ని వెతికినట్టే.

డిసెంబర్ అమావాస్యకి మూటాముల్లె సర్దుకుని మా మేనమామ వాళ్ల ఊరికి పోయాను. ములుగు రోడ్డులో జంగాలపల్లి క్రాస్ దగ్గర రామప్ప వైపు తిరగాలి. ఊరి బయట మామ బాయి కాడ ఉత్తరం వైపు చెట్లు లేవు. వాయవ్యాన భూపాలపల్లి, చెల్పూరు థర్మల్ ప్లాంటు వైపు ఆకాశం కాస్త పసుపుగా ఉంటుంది గానీ ధ్రువం దాకా రాదు.

నేను ట్రైపాడ్ బిగిస్తుంటే మామ కంబళి కప్పుకుని వచ్చి నిలబడ్డాడు.

"అల్లుడా, గదేంది, తుపాకి లెక్క పెడ్తివి?"

ధ్రువ నక్షత్రం కోసమని చెప్పాను. ఆయన చెయ్యి ఎత్తి ఆరు నెలల పసిపాపను చూపించినంత తేలిగ్గా చూపించాడు. "గదో, మోటరు షెడ్డు మీద ఒక్కటే ఉన్నది సూడు. గది కదలదు. నీళ్లు పెట్టనీకి రాత్రి వచ్చినప్పుడు గదాన్నే సూసేటోళ్లం." నేను మాత్రం ఫోన్‌లో దిక్సూచి తెరిచి కూర్చున్నాను. అది స్టార్టర్ డబ్బా పక్కన పెడితే ఒకలా, నాలుగడుగులు పక్కకి జరిగితే ఇంకోలా చూపిస్తోంది. ఇనుము పక్కన దిక్సూచి నమ్మకూడదని పదో తరగతిలో చదివిందే.

ట్రాకర్‌లో చిన్న పోలార్ స్కోప్ ఉంటుంది. అందులో గడియారం ముఖంలా అంకెలున్న వలయం కనిపిస్తుంది. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువం మీద ఉండదు, నిండు చంద్రుడి వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ దూరం పక్కకి ఉండి దాని చుట్టూ తిరుగుతుంది. కాబట్టి దాన్ని వలయం మధ్యలో పెడితే తప్పు. ఏ గంటకి ఏ అంకె దగ్గర పెట్టాలో యాప్ చెబుతుంది. స్కోప్‌లో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, యాప్ ఆ లెక్క కూడా వేసుకునే చూపిస్తుంది. నేను అది తెలియక రెండోసారి తలకిందులు చేశాను.

ఆ తప్పు గంటలో దొరికింది. ఆ తర్వాత జరిగింది మాత్రం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. చుక్కను సరిగ్గా అంకె మీద పెట్టాను. ట్రైపాడ్ బబుల్ మధ్యలోనే ఉంది. షట్టర్ అర నిమిషం తెరిచాను. అన్నీ గీతలు. మళ్లీ సరిచేశాను, మళ్లీ గీతలే. రాత్రి పదకొండు నుంచి రెండు దాకా స్కోప్‌లో ఒక్క కన్నుతో చూసి చూసి మెడ పట్టేసింది. అమ్మినాయన చెడిపోయింది అంటగట్టాడని మనసులో తిట్టాను. ఇక మూటకట్టే ముందు విసుగుతో ట్రాకర్ ఆపేసి అదే అర నిమిషం ఇంకొకటి తీశాను. దాంట్లో గీతలు పొట్టిగా ఉన్నాయి! ట్రాకర్ నడిచినప్పుడు గీత సరిగ్గా రెండింతలు.

గురి కొంచెం తప్పితే చుక్క కొంచెం జారుతుంది, అంతే. ట్రాకర్ లేనప్పటి కన్నా ఎక్కువ జారదు. రెండింతలైందంటే డబ్బా ఆకాశంతో పాటు కాకుండా ఎదురు తిరుగుతోందన్నమాట. టార్చి వేసి చూస్తే పక్కన గోరంత స్విచ్, దాని మీద ఉత్తరం, దక్షిణం అని రెండు అక్షరాలు. ఆస్ట్రేలియాలో ఉన్నట్టు దక్షిణం మీద ఉంది. సంచిలో పెట్టేటప్పుడు ఎప్పుడో జరిగి ఉంటుంది. అప్పటికే లెన్స్ మీద మంచు పట్టి అద్దం తెల్లగా అయిపోయింది. ఆ రాత్రికి అంతే. ఇప్పుడు ఆ స్విచ్ మీద నల్ల టేపు అతికించాను.

సంక్రాంతికి మళ్లీ పోయాం. కనుమ అయిన మర్నాడు, జనవరి 17, పుష్య అమావాస్యకి ముందు రోజు. మేడారం జాతర నెలాఖరుకి కాబట్టి ములుగు రోడ్డు అప్పటికే బండ్లతో నిండిపోయింది. పిల్లలు, అరిసెల డబ్బాలు, ట్రైపాడ్ ఒకే కారులో.

ఈసారి పొద్దు ఉండగానే చోటు చూసుకున్నాను. మన దగ్గర ట్రాకర్ దాదాపు పడుకున్నట్టే ఉంటుంది కాబట్టి బరువంతా ఉత్తరం వైపు వేలాడుతుంది. అందుకని ట్రైపాడ్ కాళ్లలో ఒకటి ఉత్తరానికి పెట్టి, మధ్యలో యూరియా సంచిలో ఇసుక నింపి వేలాడదీశాను. ఏడున్నరకి యాప్ ధ్రువ నక్షత్రాన్ని ఆరు అంకె దగ్గర పెట్టమంది. నేను వాయవ్యాన శర్మిష్ఠ మండలాన్ని పట్టుకుని అక్కడి నుంచి ధ్రువానికి రావాలని చూస్తుంటే మామ నవ్వాడు. "ముసలమ్మ మంచం కోసం సూస్తున్నవా? మంచం తొమ్మిదికి లేస్తది, దొంగలు పదకొండుకు." సప్తర్షుల్లో నాలుగు చుక్కలు మంచం కోళ్లు, తోక మూడూ మంచం ఎత్తుకుపోయే దొంగలు. ఆ రాత్రి గడియారం పెట్టి చూశాను. ఆయన చెప్పినదానికి పావుగంట కూడా తేడా లేదు.

కెమెరా ఎక్కించాక బరువుకి గురి కాస్త జారుతుంది. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు. కెమెరా బిగించాక మళ్లీ ఒకసారి స్కోప్‌లో చూసి సరిచేయాల్సిందే, ఆ తర్వాత ట్రైపాడ్‌ని ఊపిరి కూడా తగలనీయకూడదు.

ఫోకస్ మాత్రం పెళ్లిళ్ల చేతివాటమే పనికొచ్చింది. ఆటో ఫోకస్ తీసేసి, లైవ్ వ్యూలో పది రెట్లు పెంచి, ఆర్ద్ర నక్షత్రం వీలైనంత చిన్న చుక్క అయ్యేదాకా రింగు తిప్పి టేపు వేసేశాను. ఐఎస్‌ఓ 1600, నిమిషం చొప్పున. గురి మృగశిర వైపు. వరసగా ఉన్న మూడు చుక్కల్ని మామ గొల్లకావడి అంటాడు. వాటి కింద కత్తిలా వేలాడేదాంట్లో మధ్య చుక్క చుక్క కాదు, ఓరియన్ నెబ్యులా. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరం. దారిలో దాటి వచ్చిన రామప్ప గుడి 1213 నాటిది. అది కట్టేనాటికే ఈ వెలుగు దాదాపు ఐదొందల ఏళ్లు నడిచి ఉంది.

మొదటి ఫొటో స్క్రీన్ మీదకి వచ్చింది. చుక్కలన్నీ గుండ్రంగా ఉన్నాయి. మధ్యలో గులాబీ రంగు మరక. ఎన్నో పెళ్లిళ్లు తీసిన చేతులు వణికాయి, చలికే అనుకోండి.

ఇరవై ఫొటోలయ్యాక తూర్పు వైపు ఒక్కసారిగా పట్టపగలైంది. పక్క మక్కచేను ఆసామి అడవి పందుల కోసం ఫోకస్ లైటు వేశాడు. మామ కేకేసి ఆర్పమంటే అటు నుంచి జవాబు: "పందులు బుక్కితే నీ అల్లుడిస్తడా?" న్యాయమైన ప్రశ్నే. మంచం తెచ్చి నిలబెట్టి, దాని మీద కంబళి పరిచి, కెమెరాకి ఆ లైటు అడ్డం చేశాం. నాట్లకి దమ్ము చేసిన మడుల మీద నుంచి చల్లటి తేమ వస్తూనే ఉంది. ఈసారి లెన్స్ చుట్టూ పవర్ బ్యాంకుతో నడిచే చిన్న హీటర్ పట్టీ కట్టాను కాబట్టి బతికిపోయాను. ఎనభై ఫొటోలు, నెబ్యులా నడిమి భాగం మరీ తెల్లబడకుండా ఐదు సెకన్లవి పది, చివర్లో కెమెరా సొంత మచ్చల్ని తర్వాత తీసేయడానికి లెన్స్‌కి మూత పెట్టి ఇరవై.

మర్నాడు స్టూడియోలో కూర్చుని ఏరితే 64 బాగున్నాయి. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చడానికి సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. నాలుగు పేరిస్తే ఫొటోలో గరుకుదనం సగమవుతుంది, 64 పేరిస్తే ఎనిమిదో వంతుకి దిగుతుంది. మధ్యలో అడ్డం వచ్చిన విమానాల గీతలు కూడా ఆ పేర్చడంలోనే చెరిగిపోయాయి. రంగులు లాగడం దగ్గర మాత్రం ఆల్బమ్ బుద్ధి పోనిచ్చుకోలేదు, మొదటిసారి నెబ్యులాకి పెళ్లికూతురి మేకప్ వేసినట్టు వచ్చింది. చెరిపి మళ్లీ చేశాను.

వాట్సాప్‌లో మామకి పంపితే ఫోన్ చేశాడు. "గిది మన బాయి మీదనే ఉన్నదా? గిన్నేండ్ల సంది?"

ఫిబ్రవరిలో మూఢం పోయింది. ఆ తర్వాత మొదటి పెళ్లి హనుమకొండలోనే, ఫంక్షన్ హాల్లో, రాత్రి ముహూర్తం. ఇన్నేళ్లుగా ధ్రువ దర్శనం షాట్ నేను ఎటు లైటింగ్ బాగుంటే అటు తీసేవాణ్ని. "పైకి చూడండి, వేలు చూపించండి" అంటే వాళ్లు ఏ దక్షిణానికో నెత్తి మీదికో చూసేవాళ్లు. ఈసారి ఇద్దరినీ బయటికి తీసుకొచ్చి ఉత్తరానికి తిప్పి, వేలు బాగా కిందికి దించమన్నాను. ఆ వేలు పోయి జనరేటర్ వ్యాను మీదికి గురి పెట్టింది. పంతులు గారు అటు చూశారు, నన్ను చూశారు.

"అక్కడేముంది నాయనా?"

"వ్యాను వెనకాల ఉంటాడండీ" అన్నాను. డ్రైవర్ కోసం కేకేశాను గానీ, అతను భోజనానికి కూర్చున్నాడట.